విప్పి చూచిన చేతులు



ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయమంటే మనలో చాలామందికి మొదట జ్ఞాపకం వచ్చేది మధుర నాయకరాజుల వైభవం. 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన ఆరంభించటం, డెబ్బది రెండు పాళెములు ఏర్పడటం, తిరుమల నాయకుడు మహలు కట్టించటం, ఆ కొలువులలో తెలుగు కవిత్వం వెలయటం, ఇవన్నీ చెప్పుకోదగినవే. కాని ఏటేటా అవే చెప్పుకొని ఇండ్లకు పోతూ ఉంటే, ‘తాతలు నేతులు త్రాగినారు, మా మూతులు వాసన చూడండి’ అన్న సామెత మనకే వర్తిస్తుందేమోనని నాకొక భయం. నాయకరాజుల రాజ్యం 1736తో ముగిసినది. ఆ తరువాత కూడా కోయంబత్తూరు, మధుర ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు నిలదొక్కుకొన్నవి. సింహాసనం లేని ఆ మూడువందల ఏండ్ల చరిత్ర మన సంచికలలో తక్కువగా కనబడుతుంది. అందులో ఒక చిన్న పాయను మాత్రమే ఈ వ్యాసంలో చెప్పదలచినాను.

ఇంటి వెనుక సాయబానులో ఒక యంత్రాన్ని విప్పి, లోపల ఏమున్నదో చూచి, మళ్లీ బిగించి, తరువాత దానివంటిదానిని తానే చేసి, నలుగురిని పిలిచి చూపించటం అనే అలవాటు ఒకటి మనవారిలో ఉండేది. మన తాతలు మనకు విడిచిన ఆస్తులలో ఇది లెక్కకు రానిది. మిగిలిన ఆస్తులకంటె ఎక్కువ ఫలించినదీ ఇదే.

కపిల బావి దగ్గర

విజయనగర కాలంలోను, ఆ తరువాతను తెలుగువారు తమిళదేశానికి తండోపతండాలుగా వచ్చినప్పుడు, వారిలో చాలామందికి దొరికినవి నల్లరేగడి భూములు. కావేరి ఒడ్డున ఉన్నట్లు కాలువనీళ్లు ఇక్కడ లేవు. కోయంబత్తూరు సీమలో వాన తక్కువ, బావి లోతు ఎక్కువ. కనుక ఇక్కడ కాపురం నిలవాలంటే మొదట నీరు పైకి రావాలి. నీరు పైకి రావటానికి కపిల కావాలి. దీనినే మోట అని కూడ అంటాము. తమిళులు కవలై అంటారు.

ఈ కాలపు పిల్లలకు కపిల అంటే తెలియదు గనుక రెండు మాటలు చెబుతాను. బావిగట్టున రెండు నిలువు కొయ్యలు, వాటి నడుమ పైన ఒక పెద్ద గిలక, కింద గట్టు అంచున ఒక దొర్లుడు కొయ్య ఉంటవి. బానకు అడుగున తోలుతో చేసిన పొడవైన తొండం ఉంటుంది. లావుపాటి మోకు బాన మూతికి కట్టి పై గిలక మీదుగా వస్తుంది. సన్నని తాడు తొండం కొసకు కట్టి కింది దొర్లుడు కొయ్య మీదుగా వస్తుంది. రెండు తాళ్లూ కాడికే. ఎద్దులు వాలుబాటలో దిగుతూ ఉంటే బాన లేస్తుంది. అంతవరకు తొండం పైకి మడిచినట్లు ఉండి నీటిని జారనివ్వదు. బాన గట్టుకు రాగానే సన్నతాడు తొండాన్ని ముందుకు లాగుతుంది, నీరంతా తొట్టిలోకి తనంతట తాను దుముకుతుంది. మనిషి బానను పట్టి వంచనక్కరలేదు. రెండు తాళ్ల పొడవులలో జానెడు తేడా వచ్చినా నీరు మళ్లీ బావిలోకే పోతుంది.

ఇది యంత్రం కాక మరేమిటి? దీనిని తీర్చినవారు వడ్రంగి, కమ్మరి, తోలుపని చేసే అరుంధతీయులు. కోయంబత్తూరు ప్రాంతపు అరుంధతీయులలో చాలామంది ఇంటిభాష ఈనాటికీ తెలుగే. భూమి గలవాని పేరు దస్తావేజులో నిలిచినది. తొండం కుట్టినవాని పేరు ఎక్కడా వ్రాయలేదు. మన యంత్రవిద్యకు మొదటి గురువులెవరని ఎవరైనా అడిగితే ఈ పేరు లేనివారిని ముందుగా చెప్పుకొని, ఆ తరువాతనే నాయుడుగార్ల సంగతికి రావటం న్యాయం.

బొమ్మల కొలువు ప్రక్కన

పెద్ద యంత్రం బావిగట్టున ఉంటే, బుల్లి యంత్రం ఇంటిలో ఉండేది. దసరాకు బొమ్మల కొలువు పెట్టని తెలుగు ఇల్లు మధురలో అరుదు. మీనాక్షి అమ్మవారి ఆలయంలోనే నవరాత్రి కొలువు ఘనంగా తీరుతుంది. ఊరి ప్రక్కనున్న విళాచ్చేరిలో ఈ బొమ్మలు చేసే కుమ్మరుల కుటుంబాలు ఉన్నవి. మెట్ల మీద బొమ్మలు అమర్చటం ఆడవారి పని. మెట్ల కింద ఇసుక పోసి ఊరు కట్టటం పిల్లల పని. రాగులు చల్లి మొలకెత్తించిన పొలం, పళ్లెంలో నీరు పోసిన చెరువు, అట్టముక్కల రైలుస్టేషను అందులో ఉంటవి. కొంచెం తెలివిగల కుర్రవాడు పైన డబ్బా కట్టి, రబ్బరు గొట్టం దించి, చెరువు నడుమ చిమ్మనగ్రోవి ఎగజిమ్మిస్తాడు. ఇంకొకడు బ్యాటరీ మోటారుతో రాట్నం తిప్పిస్తాడు. పేరంటానికి వచ్చిన అమ్మలక్కలు శనగలు తీసుకొని పోయేముందు, ‘ఇదెట్లా తిరుగుతుంది నాయనా?’ అని అడుగుతారు. వాడు చెబుతాడు. మరుసటి రోజుకు ప్రక్కయింటి కొలువులోనూ రాట్నం తిరుగుతుంది.

పేరంటం అంటే మనం పసుపు కుంకుమల సంగతే అనుకొంటాము. కాని ఇంటింటికీ పోయి, ఒకరు చేసినదానిని మరొకరు చూచి, అడిగి, తమ ఇంట చేసుకొనే ఏర్పాటు కూడ అందులో ఉన్నది.

సరిగా ఇటువంటి పనికే ఇంగ్లండులో పెద్ద పేరు పెట్టి సంఘాలు కట్టినారు. 1898లో పర్సివల్ మార్షల్ అనే ఆయన లండనులో ‘మోడల్ ఇంజనీర్’ అనే పత్రిక ప్రారంభించినాడు. అదే సంవత్సరం అక్కడ నమూనా యంత్రాలు చేసేవారి సంఘం కూడ ఏర్పడినది. గుమాస్తాలు, బడిపంతుళ్లు, రైల్వే పనివారు సాయంకాలం ఇంటికి వచ్చి, పెరటిలో చిన్న లేతు బల్ల ముందు కూర్చొని ఆవిరి ఇంజన్లను చిన్నవిగా చేసేవారు. ఎంతవరకు వచ్చినది, ఎక్కడ చెడినది పత్రికకు వ్రాసేవారు. 1920ల నుండి ఎల్.బి.ఎస్.సి. అనే పొడి అక్షరాల పేరుతో ఒక రచయిత, ఇంటి పనిముట్లతోనే రైలింజను ఎట్లా చేయాలో భాగాలు భాగాలుగా వ్రాసి వేలమందికి గురువైనాడు. రెండున్నర అంగుళాల పట్టాలమీద బొగ్గుతో నడిచే బుల్లి ఇంజను పెద్దమనిషిని లాగగలదని ఆయన చేసి చూపించినాడు.

చిన్నది చేయటం తేలిక అనుకోరాదు. ఇంజను కొలతలన్నీ సగం చేస్తే దాని ఉపరితలం నాల్గవ వంతు అవుతుంది, లోపలి ఆవిరి పరిమాణం ఎనిమిదవ వంతు అవుతుంది. అంటే ఉన్న ఆవిరికి చల్లబడే చోటు రెట్టింపు అయినదన్నమాట. పెద్ద ఇంజనులో కనబడని సందు చిన్నదానిలో ప్రాణం తీస్తుంది. అందుచేత నమూనా యంత్రం నడిచినదంటే చేసినవాని చేయి తిరిగినదని అర్థం. ఇంగ్లండులో ఇది చాలామందికి వినోదం. కోయంబత్తూరులో అదే పని జీవనోపాధి అయినది, ఊరికి పేరు తెచ్చినది.

మిల్లు, పట్టరై, పైకారా

కోయంబత్తూరులో 1888లో రాబర్ట్ స్టేన్స్ దొర నూలు మిల్లు పెట్టినాడు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లు స్థాపించినారు. మిల్లు యంత్రాలు విలాయతి నుండి ఓడలో వచ్చేవి. ఒక పళ్లచక్రం విరిగితే కొత్తది రావటానికి నెలలు పట్టేది. అందుచేత మిల్లుల చుట్టూ చిన్న పట్టరైలు వెలసినవి. పట్టరై అంటే ఇక్కడి వాడుకలో వర్క్‌షాపు. విరిగిన ముక్కను అతికి, కొలిచి, మట్టిలో అచ్చు తీసి, ఇనుము పోతపోసి, ఆకురాయితో సరిచేసి బిగించేవారు. మొదటిసారి సరిపోదు. రెండవసారి కొంచెం సరిపోతుంది. నాలుగవసారికి ఆ ముక్క చేయటం వచ్చినవానికి, ఆ యంత్రమే ఎందుకు చేయరాదనే ఆలోచన వస్తుంది.

1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు తండ్రి ఆస్తిని ఐదు భాగాలు చేసి, ధర్మాన్ని ఐదవ సోదరునిగా భావించి ఒక భాగం దానికి ఇచ్చినారు. పీలమేడులోని పి.ఎస్.జి. సంస్థలకు అదే పునాది. ఆ ధర్మం మొదట చేసిన పనులలో ఒకటి ఆ సంవత్సరమే పారిశ్రామిక శిక్షణాలయం పెట్టటం. ధర్మమంటే సత్రము, చెరువు, గుడి అనుకొనే రోజులలో, కుర్రవానికి వైసు పట్టించి ఆకురాయి చేతికివ్వటం కూడ ధర్మమే అన్నవారు వీరు. 1951లో అక్కడే ఇంజనీరింగు కళాశాల వచ్చినది.

తరువాత 1932లో నీలగిరి కొండలలో పైకారా జలవిద్యుత్తు ప్రారంభమై కోయంబత్తూరుకు కరెంటు వచ్చినది. అంతవరకు ఎద్దులు లాగిన కపిలను మోటారు, పంపు లాగటానికి వీలైనది. లోతు బావులు, నల్లరేగడి, అప్పులు చేసి ప్రత్తి వేసే రైతు ఇక్కడ ఎప్పుడూ ఉన్నవే. ఇప్పుడు కరెంటు కూడ ఉన్నది. లేనిది మన ఊరిలో చేసిన మోటారు ఒక్కటే.

కలంగల్ కుర్రవాడు

ఈ కథలో ముఖ్యపాత్ర జి.డి. నాయుడుగారిది. గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో తెలుగు రైతు కుటుంబంలో పుట్టినారు. బడిచదువు ఆయనకు పట్టలేదు. పల్లెకు వచ్చిన ఒక తెల్లదొర మోటారుసైకిలు ఆయనకు పట్టినది. ఎద్దు లేకుండ, గుర్రం లేకుండ బండి ఎట్లా నడుస్తున్నదా అని ఆశ్చర్యపడి, అటువంటిదానిని కొనాలని కోయంబత్తూరు వచ్చి, హోటలులో వడ్డన పని చేసి రూపాయి రూపాయి కూడబెట్టినారని చెబుతారు. చివరకు ఆ రడ్జ్ మోటారుసైకిలు కొన్నారు. కొన్నవాడు సాధారణంగా ఎక్కి తిరుగుతాడు. ఈయన మరమేకు మరమేకు విప్పి, ముక్కలన్నీ పరచి చూచి, మళ్లీ బిగించినారు. ఆయన పట్టా అదే, కళాశాల అదే.

1920లో స్టేన్స్ దొర సహాయంతో ఒక బస్సు కొని పొళ్లాచ్చి, పళని నడుమ తామే నడిపినారు. ఆ ఒక్క బస్సు యు.ఎం.ఎస్. అనే పెద్ద సంస్థ అయినది. బస్సులు చెడకుండ చూచుకోవటానికి సొంత వర్క్‌షాపు కావలసివచ్చినది. ఆ వర్క్‌షాపే ఆయన ఆటస్థలం.

1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి ఆయన పీలమేడులో విద్యుత్ మోటారు తయారు చేయించినారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దానిని చెప్పుకొంటారు. మోటారు విప్పి చూస్తే పెద్ద రహస్యం కనబడదు. నిలిచి ఉండే భాగం ఒకటి, లోపల తిరిగే భాగం ఒకటి. రెండింటికీ పలుచని ఉక్కు రేకులు పేర్చి ఉంటవి. రేకులు కాక ఒకే దిమ్మ అయితే లోపల సుడులు తిరిగే కరెంటుతో అది కాగిపోతుంది. గాళ్లలో రాగితీగ చుట్టి ఉంటుంది. కష్టమంతా ఆ రెండు భాగాల నడుమనున్న గాలిసందులో ఉన్నది. సందు ఎక్కువైతే బలం పోతుంది, తక్కువైతే ఒరుసుకొంటుంది. వెంట్రుకవాసి తేడాలను పట్టగలిగిన చేయి లేకపోతే, పుస్తకం ఎంత చదివినా మోటారు తిరగదు. విరిగిన మిల్లు ముక్కలను ఏండ్ల తరబడి అతికిన చేతులు కోయంబత్తూరులో ఉండబట్టి అది తిరిగినది. బాలసుందరం నాయుడుగారు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించినారు. 1962లో లక్ష్మీ మెషిన్ వర్క్స్ ఏర్పడి, ఒకప్పుడు ఓడలో వచ్చిన నూలు యంత్రాలను ఇక్కడనే చేయటం మొదలుపెట్టినది.

నాయుడుగారి చేతిలో రూపొందినవాటిలో బ్యాటరీతో నడిచే గడ్డంగొరిగే రేజరు, పలుచని బ్లేడు, కిరసనాయిలుతో తిరిగే పంకా, పండ్లరసం తీసే యంత్రం, దొంగ ఓట్లకు వీలులేని ఓటు యంత్రం చెప్పుకోదగినవి. రేజరుకు ‘రసాంత్’ అని పేరు. 1941లో ఐదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకు చేసి ఇవ్వగలనని ప్రకటించినారు. 1952లో ఇద్దరు కూర్చొనే పెట్రోలు కారు, వెల రెండువేల రూపాయలే, తయారై బయటకు వచ్చినది. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అంతటితో ఆగినది.

ఈ కారు సంగతి చెప్పి నిట్టూర్చటం మన సభలలో అలవాటు. ఆయన మాత్రం కారు ఆగినదని చేయి కట్టుకొని కూర్చొనలేదు. 1945లోనే ఆయన చొరవతోను, విరాళంతోను కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వచ్చినవి. ఆ కళాశాలయే ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. బడిచదువు పూర్తికాని ఆయన దానికి ప్రిన్సిపాలు. నాలుగేండ్ల చదువు కాలహరణమని, రెండేండ్లు చాలునని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకొనలేదు, ఆయన రాజీనామా ఇచ్చినారు. ఆయన వాదం అంతా సరియైనదని నేననను. లెక్కలు, పదార్థశాస్త్రం రెండేండ్లలో ఒంటబట్టవు. ఆయనవలె విప్పి నేర్చుకొనగలవారు నూటికి ఒకరైనా ఉండరు. కాని ఇంజనీరింగు చదివినవాడు స్పానరు పట్టకుండానే పట్టా పుచ్చుకోవటం గురించి ఆయన పడిన బాధ మాత్రం ఈనాటికీ తీరలేదు.

1974 జనవరి 4న ఆయన పోయినారు. అవినాశి రోడ్డులో ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాలలో ఆయన చేసినవీ సేకరించినవీ చూడవచ్చును. అక్కడనే 2015లో పాతకార్ల మ్యూజియం కూడ తెరచినారు. చేసినది బీరువాలో పెట్టి తాళం వేయక, స్కూలు పిల్లవాడు కూడ వచ్చి చూచేటట్లు పెట్టటం ఆయన కథలో చిన్న సంగతిగా కనబడుతుంది. నాకు అదే పెద్దదిగా తోస్తుంది.

ఊరంతా ఒక వర్క్‌షాపు

ఇదంతా తెలుగువారి గొప్ప మాత్రమే అనుకొంటే పొరపాటు. కోయంబత్తూరు పట్టరైలలో తమిళులు, కన్నడ దేవాంగులు, మలయాళీలు అందరూ ఒక్క కొలిమి దగ్గరనే చలి కాచుకొన్నారు. ఇంటింటా ఇడ్లీపిండి రుబ్బే వెట్ గ్రైండరును 1955లో చేసినది సభాపతి అనే కోయంబత్తూరు వాసి. రుబ్బురోలు ముందు కూర్చొన్న అమ్మ నడుము నొప్పిని చూచినవానికే ఆ ఆలోచన వస్తుంది. ఆ గ్రైండరుకు ఇప్పుడు ఊరి పేరుతో భౌగోళిక గుర్తింపు కూడ ఉన్నది. ఒకడు చేసినది పదిమంది చూచి, పదిమందీ కొంచెం కొంచెం మార్చి చేయటం వల్లనే అది ఊరి సొత్తు అయినది.

తరువాతి తరంలో ఎస్. కరివర్ధన్ అనే యువకుడు మిల్లుల కుటుంబంలో పుట్టి, పందెపు కార్ల మీద మోజు పెంచుకొన్నాడు. విదేశాలనుండి పందెపు కారు తెప్పించటం అప్పుడు సామాన్యులకు అందని పని. ఆయన మన రోడ్లమీద తిరిగే మారుతి 800 కారు ఇంజను తీసుకొని, దానికి తన వర్క్‌షాపులో చట్రం కట్టి, 1988లో ఒక్కరు కూర్చొనే పందెపు కారు తయారు చేసినాడు. తాను ఒక్కడే నడిపి మురిసిపోక, ఇతర కుర్రవాళ్లకు అందేటట్లు అటువంటివి మరికొన్ని చేసినాడు. ఎందరో ఆటగాళ్లు వాటిమీదనే మొదట పందెం నేర్చినారు. 1995లో చిన్న విమాన ప్రమాదంలో, నలుబది ఏండ్లు దాటీ దాటకముందే పోయినాడు. చెట్టిపాళెంలో 2003లో తెరచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టినారు.

మధురలో ఒక డాక్టరు

కోయంబత్తూరు సంగతి ఇంత చెప్పి మధురను కొలువు బొమ్మలతో విడిచిపెడితే మధురవారు నన్ను ఊరుకోరు. అక్కడ విప్పి చూచిన వస్తువు మోటారు కాదు, మనిషి కన్ను.

డాక్టర్ జి. వెంకటస్వామిగారు 1918లో ఎట్టయాపురం ప్రాంతపు అయన్ వడమలాపురంలో, రైతు నాయుళ్ల ఇంట పుట్టినారు. వైద్యం చదివి సైన్యంలో చేరిన కొన్నాళ్లకే కీళ్లవాతం పట్టి వ్రేళ్లు వంకరలు పోయినవి. కలం పట్టటమే కష్టమైన చేతులవి. ఆ చేతులతోనే ఆయన కంటివైద్యం ఎన్నుకొన్నారు. తన వ్రేళ్లకు అనువుగా పనిముట్లను మార్పించి తీర్చుకొని, కత్తి పట్టటం మళ్లీ మొదటినుండి నేర్చుకొని, జీవితంలో లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేసినారు. పనిముట్టు చేతికి సరిపోకపోతే చేయిని తిట్టుకోవటం మనకు అలవాటు. ఆయన పనిముట్టును మార్చుకొన్నారు.

1976లో, ఉద్యోగ విరమణ అయినాక, మధురలో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించినారు. కంటిలోపల పెట్టే కృత్రిమ కటకం అప్పట్లో విదేశం నుండి రావాలి, వెల నూరు డాలర్లకు అటూ ఇటూ. పేదవానికి అది అందదు. 1992లో ఆసుపత్రివారు ఆరోల్యాబ్ అనే సంస్థ పెట్టి మధురలోనే ఆ కటకాలు చేయసాగినారు. వెల దాదాపు పది డాలర్లకు, తరువాత ఇంకా కిందికి దిగినది. ఆరు మిల్లీమీటర్ల ఆ పలుకును గీతపడకుండ నునుపుచేసేవారిలో చుట్టుపట్ల పల్లెల నుండి వచ్చిన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. డాక్టరుగారు 2006లో కీర్తిశేషులైనారు. ఆయన నేర్పిన పద్ధతిని చూచి పోవటానికి అనేక దేశాల వైద్యులు మధుర వస్తూనే ఉన్నారు. ఆసుపత్రి ఆ పద్ధతిని దాచుకొనలేదు.

కపిల తొండం నుండి కంటి కటకం వరకు ఒక్కటే నడక. ఉన్న కష్టాన్ని దగ్గరనుండి చూడటం, విప్పటం, చేతికి అనువుగా చేసుకోవటం, దాచకుండ చూపించటం.

మా ఇంటి వైసు

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకొంటాను. మా తాతగారికి వెనుక సాయబానులో ఒక పనిబల్ల ఉండేది. దానికి పెద్ద ఇనుపవైసు బిగించి ఉండేది. ఆదివారం నాడు ప్రక్కవీధివారు చెడిన గడియారమో, పంపు కవాటమో పట్టుకొని వచ్చేవారు. నలుగురు కలిసి దానిని విప్పి, కాఫీ చల్లారిపోయేవరకు వాదించుకొనేవారు. మాటలన్నీ తెలుగులోనే. ఆకురాయి, పట్టకారు, దాగలి, మరమేకు, పోత, అచ్చు అనే మాటలను నేను బడిలో నేర్వలేదు. ఆ సాయబానులో విని నేర్చినాను.

ఇల్లు అమ్మి ఫ్లాటుకు మారినప్పుడు, బాల్కనీలో చోటు లేదని ఆ వైసును పాతయినుపవానికి తూకం వేసి ఇచ్చినది నేనే. ఎంత వచ్చినదో కూడ జ్ఞాపకం లేదు. మొన్న మా మనుమడు తన బొమ్మకారు చెడినదని తెచ్చి, ‘తాతా, కొత్తది కొను’ అన్నాడు. ‘బాగుచేద్దాం’ అని వాడికి తోచలేదు. నాకు తోచినది గాని, ఇంటిలో చిన్న స్క్రూడ్రైవరు కూడ లేదు. బాగుచేయటానికి పనిముట్టు లేదు, ఆ పనిముట్టును చెప్పటానికి వాడికి తెలుగు మాట లేదు. రెండూ ఒక్కసారే పోయినవని ఆరోజు తెలిసివచ్చినది.

మన భాష పోతున్నదని సభలలో బాధపడుతూ ఉంటాము. వారానికొక గంట పిల్లలకు ఒత్తులు, గుణింతాలు నేర్పుతాము. అది కావలసినదే. కాని భాష పలకమీద మాత్రమే బ్రతకదు. చేతిలో పని ఉన్నచోట, ‘అది అందుకో, ఇది బిగించు, కొంచెం వదులు చేయి’ అని పెద్దవారు పిన్నవారికి చెప్పుకొనే చోట బ్రతుకుతుంది. అయిదు వందల ఏండ్లు ఈ తమిళదేశంలో మన ఇండ్లలో తెలుగు నిలిచినది బావిగట్టున, మగ్గం దగ్గర, వంటింటిలో, పట్టరైలో. ఆ చోట్లు మూతబడితే వట్టి గుణింతం ఎంతకాలం నిలుపుతుంది?

అందుచేత సంఘ పెద్దలకు నా మనవి ఇది. వచ్చే ఉగాదికి ఆటలు, పాటలు, ఉగాదిపచ్చడి ఎప్పటివలెనే ఉండనివ్వండి. హాలులో ఒక మూల మాత్రం పొడవైన బల్ల ఒకటి వేయించండి. దానికి ఒక వైసు బిగించండి. ఖర్చు పూలదండల ఖర్చుకంటె ఎక్కువ కాదు. ఎవరింట ఏది తయారవుతూ ఉంటే అది తెచ్చి అక్కడ పెట్టమనండి. బుల్లి ఆవిరి ఇంజను కావచ్చును, బొమ్మలకొలువు చిమ్మనగ్రోవి కావచ్చును, అమ్మమ్మ చెప్పగా మనుమరాలు అట్టతో చేసిన కపిల కావచ్చును. పూర్తికానిది అయినా తేనివ్వండి. పూర్తి అయినదానిని చూచి చప్పట్లు కొడతాము. సగంలో ఉన్నదానిని చూస్తే, ‘ఇక్కడ ఏమి అడ్డం వచ్చినది?’ అని అడుగుతాము. నేర్చుకోవటం ఆ ప్రశ్నతో మొదలవుతుంది. బహుమతులు పెట్టవద్దు. పెడితే దాచుకొంటారు.

పాతయినుప కొట్లన్నీ తిరిగి మా తాతగారి వైసు వంటిది ఒకటి వెదకి తేవటం నా వంతు. ఆ బల్లకు బిగించి ఇస్తాను.

మీ అందరి ఇండ్లలో కొత్త ఏడు చేతినిండ పనితో, నోటినిండ తెలుగుతో గడవాలని కోరుతున్నాను.